కొస దొరికితేనే

ఎర్ర రక్తకణంలో హిమోగ్లోబిన్ తప్ప చెప్పుకోదగ్గ సరుకు పెద్దగా ఉండదు. కేంద్రకం లేదు, మైటోకాండ్రియా లేవు, కొత్త ప్రోటీన్లు తయారు చేసుకునే రైబోజోములూ లేవు. మొదట్లో ఇవన్నీ ఉన్నవే. కేంద్రకాన్ని ఎముక మూలుగలో ఉండగానే బయటికి నెట్టేస్తుంది. మిగిలినవాటిని రక్తంలోకి వచ్చిన ఒకటి రెండు రోజుల్లో ఒక్కొక్కటిగా విప్పి వదిలించుకుంటుంది. ఆ దశలో దాని పేరు రెటిక్యులోసైట్. ఆ పని పూర్తయ్యాకే అది అసలైన ఎర్రకణమై, సుమారు 120 రోజుల పాటు ఊపిరితిత్తుల నుంచి కాలి వేళ్ల దాకా ఆక్సిజన్ మోస్తుంది.

ఈ విప్పుకునే పని గురించి మనం పిల్లలకు సరిగ్గా చెప్పం. నేను చాలాకాలం డిగ్రీ విద్యార్థులకు బయోకెమిస్ట్రీ చెప్పాను. ప్రోటీన్ ఎలా తయారవుతుందో పుస్తకంలో అధ్యాయాలకు అధ్యాయాలు ఉంటాయి. ఎలా విడిపోతుందో ఒక పేరా ఉంటుంది. అది పరీక్షలో రాదని పిల్లలు దాన్ని దాటేస్తారు. వేరే ఊళ్ల పిల్లల సంగతి ఎలా ఉన్నా, రాయగడ, కోరాపుట్ జిల్లాల పిల్లలు ఆ పేరా దాటేయకూడదని నా నమ్మకం. మా కొండల్లో తరతరాలుగా మనుషుల్ని పొట్టన పెట్టుకున్న మలేరియా జ్వరం ప్రోటీన్లను విప్పడం మీదే బతుకుతుంది. దాన్ని చంపే మందు కూడా సరిగ్గా ఆ పని దగ్గరే దెబ్బ కొడుతుంది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉండేది. సాలూరు, పార్వతీపురం నుంచి పైకి వచ్చి రాయగడలో, గుణుపురంలో, జయపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది పరాయి నేల కాదు. కానీ ఏజెన్సీకి బదిలీ అంటే పూర్వం ఉద్యోగుల ఇళ్లలో ఏడుపులు మొదలయ్యేవని మా పెద్దవాళ్లు చెప్పేవారు. పులుల భయం కంటే జ్వరం భయం ఎక్కువ. జయపురంలో ఆరోగ్యాలు నిలవక, బ్రిటిష్ వాళ్లు 1870లో తమ కచేరీని అంతకంటే ఎత్తున ఉన్న కోరాపుట్‌కు మార్చుకున్నారు. అలా ఒక దోమ ఒక జిల్లా కేంద్రాన్ని నిర్ణయించింది. ఆ దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. నిలవ మురుగులో కాదు, మెల్లగా పారే గెడ్డల అంచుల్లో, ఊటనీటిలో గుడ్లు పెడుతుంది. మా కొండల్లో అలాంటి నీళ్లకు కొదవ లేదు. పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కోరాపుట్‌లో క్షేత్ర కేంద్రం పెట్టి దశాబ్దాలుగా ఈ దోమల వెంట తిరుగుతోందంటే కారణం అదే.

జయపురం అనగానే ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. 1931లో గద్దెనెక్కిన జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. అక్కడి సైన్సు కళాశాలకు ఆయన పేరే పెట్టారు. జ్వరాల కొండల నుంచి వెళ్లిన డబ్బుతో విశాఖలో ప్రయోగశాలలు లేచాయి. నేనూ ఆ కళాశాల బల్లల మీద చదువుకున్నవాణ్ణే. అందుకే ఈ రెండు సంగతులూ నా మనసులో విడివిడిగా ఉండవు. ఆ చదువు ఈ కొండలకు బాకీ పడి ఉందని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

చిన్నప్పుడు నాకు ఆ జ్వరం వచ్చింది. మధ్యాహ్నం మొదలైన చలి, ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా ఆగని వణుకు, ఆపైన ఒళ్లు పెనంలా కాలడం, చివరికి చెమటతో పక్కంతా తడిసిపోవడం. రోజు విడిచి రోజు అదే వరస. మాత్రలతో జ్వరం దిగాక మళ్లీ రక్తపరీక్షకు తీసుకెళ్లారు. ల్యాబులో స్లైడ్లు చూసే ఆయన్ని వీధిలో పిల్లలందరం బాబాయ్ అనేవాళ్లం. గాజు పలక మీద ఎండిన రక్తపు మరకకు రంగు పట్టించి, కడిగి, ఆరబెట్టి, దాని మీద ఒక నూనె చుక్క వేసి లెన్సు దానికి ఆనించేవాడు.

"నన్నూ చూడనీ బాబాయ్."

"చూడు బాబూ. బల్ల మీద చెయ్యి వెయ్యకు, కదిలిపోద్ది."

కన్ను అలవాటు పడటానికి కాసేపు పట్టింది. లేత గులాబీ రంగు గుండ్రాల మధ్య నెలవంక ఆకారంలో ఒక ఊదారంగు వస్తువు. దాని నడుమ గోధుమ రంగులో సన్నటి నలుసులు, ఇసుక రేణువుల కంటే ఎంతో చిన్నవి. ఆ నలుసులేమిటని అడిగాను.

"నీ నెత్తురు తిని అరక్క వదిలేసిందిరా అది," అన్నాడు బాబాయ్.

ఆ మాటలో అక్షరం పొల్లు లేదని తర్వాత చదువులో తెలిసింది. ఆ నలుసుల పేరు హిమోజోయిన్. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు మలేరియా పరాన్నజీవిని మొదటిసారి గుర్తుపట్టింది ఈ రంగు వెంట పోతూనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో కొత్త కణాలు చూసినప్పుడు, అవి మలేరియావేనని ఆయనకు నమ్మకం కలిగించిందీ వాటిలోని ఈ నల్లటి నలుసులే. దోమకు మలేరియాతో ఉన్న సంబంధం తెలుగు నేల మీద తేలిందని గొప్పగా చెప్పుకుంటాం. దాన్ని పట్టించింది ఒక జీవి తిని వదిలేసిన మిగులు అన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

ప్లాస్మోడియం ఫాల్సిపేరమ్ ఎర్రకణంలో దూరాక 48 గంటలు ఉంటుంది. ఆ రెండు రోజుల్లో కణంలోని హిమోగ్లోబిన్‌లో సగానికి పైగా తినేస్తుంది. పైపొరను లోపలికి నొక్కుకుని, హిమోగ్లోబిన్‌ను గుక్కలు గుక్కలుగా మింగి, ఆహార రిక్తిక అనే ఆమ్లపు గదిలోకి పంపుతుంది. అక్కడ ప్లాస్మెప్సిన్లు, ఫాల్సిపెయిన్లు అనే ఎంజైములు కాచుకుని ఉంటాయి. ప్లాస్మెప్సిన్లు గొలుసును మొదట తెంచుతాయి, ఫాల్సిపెయిన్లు వాటికి చేయి కలుపుతాయి, మిగతావి ముక్కల్ని ఇంకా చిన్న ముక్కలు చేస్తాయి. చివరికి అమైనో ఆమ్లాలు మిగులుతాయి. వాటిలో కొన్నిటితో పరాన్నజీవి తన ఒళ్లు కట్టుకుంటుంది.

ఇక్కడో విచిత్రం ఉంది. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అసలు లేదు. అది లేకుండా పరాన్నజీవికి గడవదు. కాబట్టి అంత తిండి తిన్నాక కూడా ఆ ఒక్కదాని కోసం మన రక్తద్రవం మీద ఆధారపడాల్సిందే. పైగా తిన్నదాంట్లో తనకు పనికొచ్చేది కొంతే. మరి అవసరానికి మించి ఎందుకు తింటుంది? లోపల పెరుగుతున్న కొద్దీ తనకు చోటు కావాలి, కణం గడువుకు ముందే పగిలిపోకుండా లోపలి ఒత్తిడి అదుపులో ఉండాలి, అందుకని హిమోగ్లోబిన్‌ను ఖాళీ చేస్తుందని ఒక బలమైన వాదన ఉంది. ఆకలి తీరడం కంటే ఇల్లు నిలవడం ముఖ్యమన్నమాట.

హిమోగ్లోబిన్ విడిపోయినప్పుడు అందులోని హీమ్ బయటపడుతుంది. ఇనుము ఉన్న ఆ అణువు పరాన్నజీవికి విషం. కరిగించుకోలేదు, బయటికి పంపలేదు. అందుకని దాన్ని స్ఫటికాలుగా పేర్చి ఒక మూల పడేస్తుంది. నేను చూసిన నలుసులు అవే. మా నాన్నల కాలంలో అందరూ వాడిన క్లోరోక్విన్ ఈ పేర్చే పనికే అడ్డుపడేది. మన దేశంలో దానికి లొంగని ఫాల్సిపేరమ్ 1973లో అస్సాంలో బయటపడింది. ఆ తర్వాత దేశంలో మిగతా చోట్లా ఆ మందు పట్టు సడలుతూ వచ్చింది.

ఇదంతా పరాన్నజీవి కడుపు సంగతి. కడుపు పని మోటు పని. లోపలికి వచ్చినదేదైనా ఆమ్లంలో మెత్తబడాలి, ఎంజైముకు చిక్కాలి, తెగాలి. ఏది తెగాలి, ఏది ఉండాలి అన్న విచక్షణ దానికి అక్కర్లేదు. కానీ ఏ కణమైనా తన సొంత ప్రోటీన్లను అలా విచ్చలవిడిగా తెంచుకుంటే గంటలో చస్తుంది. పరాన్నజీవికీ అంతే, మనకూ అంతే. తన సొంతవాటిని విప్పుకోవడానికి రెండింటికీ వేరే యంత్రం ఉంది. దాని పేరు ప్రోటియాసోమ్. నా మనసుకు అన్నిటికంటే దగ్గరైన పాఠం అదే.

ఒంట్లో ప్రోటీన్లు ఒకసారి కట్టాక అలాగే ఉంటాయని, రోజూ తినే తిండి ఇంధనానికే పనికొస్తుందని ఒకప్పుడు శాస్త్రవేత్తలు అనుకునేవారు. 1930లలో న్యూయార్క్‌లో రుడాల్ఫ్ షోన్‌హైమర్ బరువైన నత్రజని కలిపిన అమైనో ఆమ్లాల్ని ఎలుకలకు తినిపించి, అవి వాటి కండల్లో, కాలేయంలో చేరడం చూపించాడు. కడుతూ, విప్పుతూ, మళ్లీ కడుతూ ఉండటమే ఒంటి స్థితి అని తేలింది. 1953లో ఇంకో చిక్కుముడి బయటపడింది. కాలేయపు ముక్కల్లో ప్రోటీన్లు విడిపోవడానికి శక్తి ఖర్చవుతోందని సింప్సన్ అనే శాస్త్రవేత్త గమనించాడు. ఇది అడ్డదిడ్డంగా కనిపించే సంగతి. ప్రోటీన్ గొలుసులో లంకె తెగితే శక్తి బయటికి రావాలి, ఖర్చు కాకూడదు. మన కడుపులో పెప్సిన్ నయాపైసా శక్తి అడక్కుండానే మాంసం అరిగిస్తుంది. మరి కణం లోపల తెంచే పనికి ఏటీపీ ఎందుకు కావాలి?

ఏటీపీ పేరు వచ్చిన చోట భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోవాలి. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ఆయన 1929లో కండల్లో ఏటీపీని గుర్తించాడు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా గుర్తించాడు. కండ కదలడానికి ఏటీపీ కావాలని మనకు తెలుసు. ప్రోటీన్‌ను విప్పడానికీ అదే కావాలని తెలిసేసరికి సుబ్బారావు పోయి సుమారు ఐదేళ్లయింది.

ఆ చిక్కుముడి విప్పే దారి రెటిక్యులోసైట్లలోనే దొరికింది. కణంలో ప్రోటీన్లను తెంచేది లైసోసోములే అని అప్పటి నమ్మకం. రెటిక్యులోసైట్లలో లైసోసోములు లేవు, అయినా పాడైన హిమోగ్లోబిన్ అక్కడ చకచకా మాయమవుతోంది. 1977లో ఎట్లింగర్, గోల్డ్‌బెర్గ్ కుందేలు రెటిక్యులోసైట్లను పగలగొట్టి తీసిన ద్రవంలో ఏటీపీ ఉంటేనే ఈ పని జరుగుతుందని చూపించారు. ఇజ్రాయెల్‌లోని హైఫాలో అవ్రామ్ హెర్ష్కో, ఆయన శిష్యుడు ఆరాన్ సీకనోవర్ ఆ ద్రవాన్ని భాగాలుగా వేరు చేశారు. ఒక భాగంలో కావలసిన పదార్థం ఉంది గానీ దాంతో పాటు కుప్పలుగా హిమోగ్లోబిన్ ఉంది. రెండూ విడివడటం లేదు. సీకనోవర్ దాన్ని మరిగించాడు. హిమోగ్లోబిన్ గడ్డకట్టి అడుగున పడింది. పైన తేటలో మిగిలిన ఒక చిన్న ప్రోటీన్ మాత్రం అంత వేడికీ చెక్కు చెదరలేదు. ఆ చిన్నది పని చేయించే పద్ధతే విచిత్రం. ప్రోటీన్‌ను అది స్వయంగా తెంచదు, పోయి అంటుకుంటుంది. అది అంటుకున్న ప్రోటీన్ తర్వాత తెగిపోతుంది. 76 అమైనో ఆమ్లాలున్న ఆ గుర్తే యుబిక్విటిన్. ఫిలడెల్ఫియాలో తమకు తోడుగా నిలిచిన ఇర్విన్ రోజ్‌తో కలిసి వీళ్లిద్దరూ 2004లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఎప్పటి నుంచో వంటింట్లో జరిగే పనినే ప్రయోగశాలలో చేసి అంత దూరం వెళ్లారన్న ఆనందం నాకు ఆ పాఠం చెప్పినప్పుడల్లా కలిగేది.

యుబిక్విటిన్ గుర్తు అంటించడానికి మూడు అంచెల ఎంజైములున్నాయి. మొదటిది ఏటీపీ ఖర్చుపెట్టి యుబిక్విటిన్‌ను సిద్ధం చేస్తుంది, రెండోది మోస్తుంది, మూడోది ఎవరికి అంటించాలో చూస్తుంది. మూడో అంచెలో మనిషి కణాల్లో ఆరు వందల దాకా రకాలు ఉన్నాయి. ఎవరెవర్ని విప్పాలో ఎంచడానికి కణం ఎంత సిబ్బందిని పెట్టుకుందో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది. ఒక్క యుబిక్విటిన్ చాలదు. ఒకదాని లైసిన్‌కు ఇంకొకటి తగిలి, నాలుగైదు కలిసిన గొలుసు కావాలి.

అలా గుర్తుపడిన ప్రోటీన్ యంత్రం దగ్గరికి వస్తుంది. ప్రోటియాసోమ్ నడుము భాగం నాలుగు వలయాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉన్న గొట్టం. ఒక్కో వలయంలో ఏడేసి ప్రోటీన్లు. కోసే చోట్లన్నీ గొట్టం లోపలే ఉన్నాయి. దారి పట్టుమని రెండు నానోమీటర్ల వెడల్పు కూడా లేదు, ముడుచుకున్న ప్రోటీన్ ఏదీ అందులో పట్టదు. పైగా ఆ దారికి తలుపు కూడా ఉంది. గొట్టం తల మీద ఇంకో పెద్ద సముదాయం కూర్చుని ఉంటుంది. దాని అంచుల్లో యుబిక్విటిన్ గొలుసును పట్టుకునే చేతులు మూడు ఉన్నాయి. పట్టుకోవడం ఒక్కటే చాలదన్నది తర్వాత ఎన్నో ఏళ్లకు తేలింది. గుర్తు ఉన్నా సరే, ప్రోటీన్‌లో ఎక్కడో ఒకచోట ముడతపడకుండా వదులుగా వేలాడే భాగం, సుమారు ఇరవై ముప్పై అమైనో ఆమ్లాల పొడవున ఉండాలి. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు ఆల్ వేరు రంగు వేసిన నూలు చిలపను విప్పడం చూసినవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. చిలప ఎంత చక్కగా చేతికి చిక్కినా, వేలికి కొస తగిలేదాకా పోగు రాదు. బలవంతంగా లాగితే చిక్కు పడుతుంది. ప్రోటియాసోమ్‌కూ కొస దొరకాలి.

కొస దొరికాక ఆరు ఏటీపీ ఎంజైముల వలయం పని మొదలుపెడుతుంది. ఆ వలయం నడుమ రంధ్రంలోకి ఆరు చిన్న మెలికలు వంగి ఉంటాయి. వాటి మొనల మీద ఎక్కువగా టైరోసిన్ ఉంటుంది. అవి గొలుసును ఒకదాని తర్వాత ఒకటి పట్టుకుని కిందికి లాగుతాయి. ఒకటి పట్టు వదిలే లోపు ఇంకోటి పట్టుకుంటుంది. ఒక్కో లాగుడుకు ఏటీపీ ఖర్చు. గుర్తు అంటించడానికి పోగా మిగిలిన ఖర్చు ఇక్కడికి పోతోంది. తెంచడానికి శక్తి అక్కర్లేదు, ముడత విప్పడానికి కావాలి. సింప్సన్ చిక్కుముడికి జవాబు ఇదే. 2018లో క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో ప్రోటీన్‌ను లాగుతున్న యంత్రాన్ని దశలు దశలుగా బొమ్మ తీశారు. మెలికలు మెట్లలాగా పైనుంచి కిందికి వరసలో నిలబడి, మధ్యలో గొలుసును పట్టుకుని ఉన్నాయి. ఆ బొమ్మను తరగతిలో తెర మీద వేసినప్పుడు నేను కాసేపు మాట్లాడలేదు. పిల్లలు తమంతట తామే లెక్కపెట్టుకున్నారు.

లాగుతూ ఉండగా యుబిక్విటిన్ తగిలిన చోటు రంధ్రం నోటి దగ్గరికి వచ్చి ఆగుతుంది. సరిగ్గా అక్కడే జింకు ఉన్న ఒక ఎంజైము కాచుకుని ఆ గుర్తును కోసి పక్కకు తీస్తుంది. యుబిక్విటిన్‌ను తినదు, మళ్లీ వాడుకుంటుంది. గొలుసు మాత్రం లోపలికి పోతుంది. లోపల మూడు రకాల కోత చోట్లు ఉన్నాయి. ఒకటి నీటికి జడిసే పెద్ద అమైనో ఆమ్లాల తర్వాత, ఇంకోటి ధనావేశం ఉన్నవాటి తర్వాత, మూడోది ఋణావేశం ఉన్నవాటి తర్వాత కోస్తుంది. కోసేది మాత్రం మూడింట్లోనూ యంత్రపు సొంత ప్రోటీన్ మొదట ఉన్న థ్రియోనిన్ అనే ఒకే అమైనో ఆమ్లం. ఎన్నో కోతల తర్వాత మూడు నుంచి పాతిక దాకా పొడవున్న ముక్కలు బయటికి వస్తాయి. మన రోగనిరోధక కణాలు వాటిలో కొన్నిటిని చూసే లోపల వైరస్ ఉందో లేదో పసిగడతాయి. ఎప్స్టీన్-బార్ వైరస్‌కు ఈ సంగతి తెలిసినట్టే ఉంది. దాని ప్రోటీన్ ఒకదాంట్లో గ్లైసిన్, అలనిన్ మాత్రమే మళ్లీ మళ్లీ వచ్చే ఒక పొడవైన భాగం ఉంది. నున్నటి ఆ భాగం మీద టైరోసిన్ల పట్టు జారిపోతుంది. యంత్రం లాగలేక వదిలేస్తుంది.

గుర్తు, కొస, పట్టు. ఈ మూడూ కుదిరితేనే విప్పడం జరుగుతుంది. ఒక ప్రోటీన్‌ను పొరపాటున పోగొట్టుకోకుండా కణం ఇన్ని తనిఖీలు పెట్టుకుంది. కట్టే పనిలో ఉన్నంత తెలివి విప్పే పనిలోనూ ఉందని నేను అనేది ఈ మూడు తనిఖీలు చూసే.

ఇప్పుడు మళ్లీ ఎర్రకణంలోకి వద్దాం. మలేరియా పరాన్నజీవికీ ప్రోటియాసోమ్ ఉంది. అది లేకుండా 48 గంటల్లో ఒకటి పదహారు, ముప్పైరెండు అయ్యే వేగం సాధ్యం కాదు. అంత త్వరగా కట్టే చోట తప్పుగా ముడుచుకున్నవీ, గడువు తీరినవీ అంతే త్వరగా పోగుపడతాయి. వాటిని ఎప్పటికప్పుడు విప్పాలి. ఆర్టెమిసినిన్ మందు దెబ్బ కొట్టేది ఇక్కడే. చైనాలో తు యుయు 1970లలో మాచిపత్రి జాతి మొక్క నుంచి తీసి, 2015లో నోబెల్ అందుకున్న మందు అది. ఆర్టెమిసినిన్ తనంతట తాను నిద్రపోతున్న మందు. పరాన్నజీవి హిమోగ్లోబిన్ తిన్నప్పుడు విడుదలయ్యే హీమ్‌లోని ఇనుము దాన్ని లేపుతుంది. లేచాక అది చుట్టూ ఉన్న ప్రోటీన్లను ఎడాపెడా పాడు చేస్తుంది. పాడైనవాటికి యుబిక్విటిన్ గుర్తులు పడతాయి, అన్నీ ప్రోటియాసోమ్ దగ్గర గుమికూడతాయి. మెల్‌బోర్న్‌లో లీయాన్ టిల్లీ బృందం 2018లో చూపించిందేమిటంటే, ఈ తాకిడికి ప్రోటియాసోమ్ పని కూడా కుంటుపడుతుంది. పరాన్నజీవి తిన్న తిండే దాన్ని చంపే మందును లేపింది, అది విప్పుకోలేని కుప్ప దాని ప్రాణం తీసింది.

మొండి పరాన్నజీవులు దీనికీ దారి వెతుక్కున్నాయి. కంబోడియా వైపు మందు ఆలస్యంగా పని చేసే కేసులు 2008 ప్రాంతంలో తేలాయి. కెల్చ్13 అనే జన్యువులో మార్పులే దానికి ఆనవాలని 2014లో తెలిసింది. ఆ ప్రోటీన్ చేసే పని ఏమిటో 2020లో హాంబర్గ్ పరిశోధకులు చెప్పారు. అది హిమోగ్లోబిన్ గుక్కలు మింగే చోట ఉంది. అది సరిగా పనిచేయకపోతే చిన్న దశలో పరాన్నజీవి తక్కువ తింటుంది. తక్కువ తింటే హీమ్ తక్కువ, మందు లేవడం తక్కువ. కొన్ని గంటలు పస్తుండి ప్రాణం దక్కించుకుంటుందన్నమాట. ఆ మొండితనం మా కొండలకు రాకూడదని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. మన దేశంలో ఫాల్సిపేరమ్‌కు ఆర్టెమిసినిన్ కలిపిన మందులే ఇప్పుడు ప్రధాన ఆధారం.

అందుకే ప్రోటియాసోమ్‌నే నేరుగా ఆపే మందు గురించి పరిశోధకులు ఆలోచిస్తున్నారు. మనిషి ప్రోటియాసోమ్‌ను ఆపే మందు ఇప్పటికే ఉంది. మల్టిపుల్ మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు 2003లో అమెరికాలో అనుమతి పొందిన బోర్టెజోమిబ్. అది థ్రియోనిన్ దగ్గరికి పోయి గట్టిగా పట్టుకుంటుంది. మలేరియా క్రిమిని కూడా చంపుతుంది. కానీ మనిషి కణాల్నీ వదలదు కాబట్టి జ్వరానికి వాడలేం. క్రిమి యంత్రాన్ని ఆపి మన యంత్రాన్ని ముట్టని మందు కావాలి. 2016లో స్టాన్‌ఫర్డ్‌లోని మాథ్యూ బోగ్యో, కేంబ్రిడ్జ్‌లోని పౌలా డ ఫోన్సెకా బృందాలు క్రిమి ప్రోటియాసోమ్ బొమ్మ తీశాయి. మనిషిదానికి, దానికి మధ్య తేడా చాలా చిన్నది. రెండో కోత చోటు క్రిమిలో కాస్త ఎక్కువ తెరుచుకుని ఉంది. ట్రిప్టోఫాన్ లాంటి బండ అమైనో ఆమ్లం అక్కడ ఇమిడిపోతుంది, మన దాంట్లో ఇమడదు. ఆ ఖాళీలోకి సరిపోయే అణువును కట్టారు. ఎలుకల్లో అది క్రిముల్ని దాదాపు తుడిచిపెట్టింది. ఆర్టెమిసినిన్‌తో కలిపితే దాని బలం ఇంకా పెరుగుతుంది. మందు పాడు చేసిన ప్రోటీన్లను విప్పుకునే దారి మూసుకుపోతుంది కాబట్టి ఇది ఊహకు అందే సంగతే.

దీనికీ మొండితనం రాదా అంటే వస్తుంది. ఒక కోత చోటును ఆపే మందుకు క్రిమి తన ఆకారం మార్చుకుంటే, ఆ మార్పు వల్లే ఇంకో కోత చోటును ఆపే మందుకు ఎక్కువ లొంగిపోవడం 2018లో కనిపించింది. రెండూ కలిపి వాడితే తప్పించుకోవడం కష్టమవుతుందని ఆశ. ఇవేవీ ఇంకా ఊళ్లో మందులు ఇచ్చే ఆశా దీదీ సంచిలోకి వచ్చే మాత్రలు కాలేదు. మనుషుల మీద పరీక్షలు, గర్భిణులకు, పసిపిల్లలకు హాని లేదని రుజువులు, మూడు రోజుల్లో పూర్తయ్యే చౌక మాత్ర రూపం, ఇన్ని గడపలు దాటాలి.

ఆ లోపు చేయాల్సిన పని ఆగకూడదు. 2017 ప్రాంతంలో ఒడిశా ప్రభుత్వం దమన్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వానలకు ముందూ తర్వాతా, దారి లేని ఊళ్లకు కూడా వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ వేలు పొడిచి పరీక్ష చేసి, ఉన్నవాళ్లకు అక్కడికక్కడే మందు మింగించడం దాని పద్ధతి. మందు పూసిన దోమతెరలు కోటికి పైగా పంచారు. 2016లో ఒడిశాలో నాలుగున్నర లక్షల దాకా ఉన్న మలేరియా కేసులు 2018లో 66 వేల దాకా దిగాయి. ఈ మధ్య ఏళ్లలో మళ్లీ పైకి ఎగబాకాయి. బిస్సంకటకం క్రిస్టియన్ ఆసుపత్రి లాంటివి చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో ఏళ్లుగా మలేరియా మీద చేస్తున్న పని కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. జ్వరం లేని మనిషి ఒంట్లోనూ క్రిమి ఉండగలదు. నేను చిన్నప్పుడు స్లైడ్ మీద చూసిన లాంటి నెలవంకలే ఆ మనిషి రక్తం నుంచి దోమకు అందుతాయి. అందుకే అందరికీ పరీక్ష అన్న మొండిపట్టు నాకు నచ్చుతుంది.

మా కొండల పిల్లల్లో కొందరు ఎర్రకణం నుంచి ఇంకో బాకీ కూడా మోస్తున్నారు. హిమోగ్లోబిన్‌లో ఒక్క గ్లుటామిక్ ఆమ్లం స్థానంలో వాలిన్ చేరడం వల్ల వచ్చే సికిల్ సెల్. తల్లి వైపు నుంచో తండ్రి వైపు నుంచో ఆ మారిన జన్యువు ఒక్కటే వస్తే మలేరియా నుంచి కొంత రక్షణ. ఇద్దరి నుంచీ వస్తే బతుకంతా నొప్పి. ఇది వేరే వ్యాసానికి సరిపడా సంగతి.

నా దగ్గర చదువుకున్న ఒక కోంధ్ అమ్మాయి ఈ పాఠం అయ్యాక అడిగిన ప్రశ్న ఇప్పటికీ నన్ను పని చేయిస్తోంది. "సార్, క్రిమి ప్రోటియాసోమ్‌లో ఆ ఖాళీ మన ఊరి క్రిమిలో కూడా అలాగే ఉంటుందా? మార్పు ఉంటే మందు పట్టదు కదా?" సరైన ప్రశ్న. జవాబు రావాలంటే రాయగడ, కోరాపుట్ రోగుల రక్తంలోని క్రిముల ప్రోటియాసోమ్ జన్యువుల్ని వరసగా చదవాలి. పెద్ద ఖర్చు కూడా కాదు. కోరాపుట్‌లో ఇప్పుడు వైద్య కళాశాల ఉంది, క్షేత్ర కేంద్రం ఉంది, విశాఖ రైలు దూరంలోనే ఉంది. ఆ అమ్మాయి ఎమ్మెస్సీ దరఖాస్తు ఫారంలో ఆసక్తి ఉన్న అంశం అన్న చోట ఈ పనే రాసింది. సంతకం చేసి పంపాను.